కారులో పట్టినంత

ఉత్తరం వచ్చిన రోజు నుంచి కత్తెరక్క కాళ్ళు నేల మీద నిలవడం లేదు. యాభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని మెట్ల దగ్గర గోడ పట్టుకునే మనిషి, ఆ ఉత్తరం పట్టుకుని రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేసింది. ఎందుకెక్కదు మరి! ఇరవై ఆరేళ్ళు చొక్కాల కార్ఖానాలో నిలువుకాళ్ళ మీద గుడ్డ కత్తిరించిన ఆవిడను పట్టుకుని, మా బడికి వచ్చి పిల్లలకు కత్తిరింపు నేర్పండని ఎవరో మర్యాదగా పిలిచారు. ఉండడానికి గది కూడా ఇస్తారట. గదిలో మంచం, బీరువా, పొయ్యి అన్నీ ఉన్నాయట. చిక్కల్లా ఒక్కటే. ఆ ఊరు పదకొండు వందల కిలోమీటర్ల దూరం, సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా ఆవిడ అక్కడ ఉండాలి.

అబ్బే, ఒక్కటే అన్నానా? రెండో చిక్కు ఇంట్లోనే కుర్చీలో కూర్చుని ఉంది. అది ఆవిడ మొగుడు.

ఆయన గాజు సామాను గోడౌన్లో ముప్పై ఒక్క ఏళ్ళు లారీలకు సరుకు ఎక్కించి, నిరుడే పని మానుకున్నాడు. ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన లోడు మాస్టారు. పని మానినప్పటి నుంచి మనిషి నోట్లో ముత్యాలు దాచుకున్నట్టు కూర్చుంటున్నాడు. ఉత్తరం మొత్తం చదివి వినిపిస్తే "సరే" అన్నాడు.

"సరే అంటే ఏమిటండీ? వస్తాననా, నన్ను పొమ్మనా?"

"సరే అంటే సరేనే. దానికి మళ్ళీ అర్థాలేమిటి?"

ఇక ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఇంకో ముక్క రాల్లేదు. కత్తెరక్కకు ఒకపక్క సంబరం, ఒకపక్క దిగులు. ఇల్లు కదలని మనిషి. గోడౌను, ఇల్లు, మళ్ళీ గోడౌను తప్ప ఇంకో ఊరి మొహం చూసి ఎరగడు. తీరా బయల్దేరే వేళకు రానంటే? ఆయన లేకుండా ఆ ఊళ్ళో ఒంటి గదిలో ఒక్కతీ ఏం చేసుకుంటుంది ఆ ఉద్యోగాన్ని?

సామానుకు లారీ మాట్లాడదామా అని అడిగిందో లేదో, ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"లారీయా! ఈ నాలుగు గిన్నెలకు లారీయా! గోడౌన్లో ఎవరికైనా తెలిస్తే నా పరువేం కాను? మన కారులో పట్టిస్తానే. మొత్తం పట్టిస్తాను!"

మన కారంటే మహా గొప్ప కారేం కాదు. కత్తెరక్క యాభయ్యో ఏట పంతం పట్టి డ్రైవింగ్ నేర్చుకుని, మూడోసారికి లైసెన్సు పరీక్ష గట్టెక్కి, ఆ ఊపులో కొనుక్కున్న పాత చిన్న కారు. డిక్కీలో రెండు బస్తాలు పెడితే మూత పడదు.

మర్నాడు ఆవిడ పని నుంచి వచ్చేసరికి హాల్లో ఇంటివాళ్ళ బల్లా కుర్చీలూ గోడకు జరిగిపోయాయి. నేల మీద సుద్దముక్కతో కారు గీసేశాడు మహానుభావుడు! డిక్కీ లోతు, చక్రాల దగ్గర ఉబ్బెత్తు, అన్నీ టేపు పెట్టి కొలిచి మరీ గీశాడు. ఇక నాలుగు రోజులు ఆ గీతల మధ్య పేర్చడం, తీయడం, మళ్ళీ పేర్చడం. బరువులు కింద, తేలికవి పైన. బోలుగా ఉన్న వస్తువేదీ బోలుగా వెళ్ళకూడదట. కుక్కర్లో గ్లాసులు, గ్లాసుల్లో చెంచాలు, చెంచాల సందుల్లో దారపుండలు. అదనపు చక్రం గుంటలో ఆవిడ చెప్పులు. అన్నానికి రమ్మంటే, "ఉండవే, ఈ మూల లొంగడం లేదు" అని కసురుకునేవాడు.

కత్తెరక్క గుమ్మంలో నిలబడి చూసి మురిసిపోయింది. ఇంత హుషారుగా సర్దే మనిషి రాకుండా ఎలా ఉంటాడు? కానీ శుక్రవారం సాయంత్రం ఆయన ఓ చీటీ తెచ్చి చేతిలో పెట్టాడు. అక్కడికి వెళ్ళాక ఏది ముందు దించాలో, ఏది తర్వాత దించాలో వరసగా రాసి ఉంది.

"ఇది నాకెందుకండీ? దించేటప్పుడు మీరుంటారుగా?"

"తాడు ముడి మాత్రం ఎడమ నుంచి విప్పాలి, మరిచిపోకు" అన్నాడాయన, ఆ ప్రశ్న గోడనడిగినట్టు. ఆవిడకు మళ్ళీ మొదలైంది దిగులు.

శనివారం పొద్దున్నే కారు నింపడం చూడటానికి వీధి వీధంతా బయటికొచ్చింది. పక్కింటి పిన్నిగారైతే కుర్చీ వేయించుకుని కూర్చుంది. లోడు మాస్టారు ఒక్కో వస్తువూ లోపలికి పంపిస్తుంటే అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. రెండు పరుపులు చుట్టి ఎక్కించాడు, బాల్చీలు ఎక్కించాడు, పుస్తకాలు, ఇస్త్రీపెట్టె, దుప్పట్లు, ఆవిడ పాతికేళ్ళుగా గీసి దాచుకున్న కాగితపు నమూనాల అట్టపెట్టెలు ఆరూ ఎక్కించాడు. చివరగా కుట్టుమిషను. అంతా అయ్యాక కారును అటు ఊపాడు, ఇటు ఊపాడు, తలుపుకు చెవి ఆనించి విన్నాడు. లోపల కిక్కురుమనలేదు. సూది మోపే సందు లేదు.

"శభాష్ మాస్టారూ!" అన్నారెవరో. ఆయన మొహం వెలిగిపోయింది.

కత్తెరక్క అందరికీ చెప్పాల్సింది చెప్పి స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన డిక్కీ మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, "పోనీ!" అని కేకేశాడు. నాలుగడుగులు వెనక్కి జరిగాడు. చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

ఆవిడ ఇంజను వేసి, రండి అనబోయి పక్కకు తిరిగింది. పక్క సీట్లో కుట్టుమిషను కూర్చుని ఉంది, దర్జాగా, బెల్టు కూడా పెట్టుకుని! దాని కాళ్ళ దగ్గర ఇస్త్రీపెట్టె. వెనకంతా కప్పు దాకా సామాను.

పిన్నిగారు ముక్కు మీద వేలేసుకుంది. "అదేమిటి నాయనా! మరి నువ్వెక్కడ కూర్చుంటావు?"

వీధంతా గొల్లుమంది. కత్తెరక్కకు మాత్రం నవ్వు రాలేదు. ఇంజను ఆపి దిగి తిన్నగా ఆయన ముందుకొచ్చింది.

"ఏవండీ, నిజం చెప్పండి. మీకు రావాలని లేదు కదూ?"

లోడు మాస్టారు ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయాడు. కారు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు.

"తట్టలేదే" అన్నాడు చివరికి, నీరుకారిపోయి. "ఒట్టు, నిజంగా తట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు... ఎక్కించడం, చరచడం, వెనక్కి జరగడం. లారీ పోయేది, నేను ఉండిపోయేవాణ్ణి. లోడుతో పాటు నేనూ పోవడమన్నది ఎప్పుడైనా ఉంటేగా!"

ఆవిడ సగం నమ్మింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోడే!

"పోనీ ఓ పని చెయ్యి. నువ్వు ముందెళ్ళు. ఇంటి తాళం నెలాఖరు దాకా మనదేగా. నేను వెనకాల రైల్లో వస్తాను."

"రైలూ లేదు, గీలూ లేదు!" కత్తెరక్క గొంతు వీధి చివర దాకా వినబడింది. "ఇవాళ రైలంటారు, వారం పోయాక ఒంట్లో నలతంటారు, ఆ తర్వాత మీరిక్కడ, నేనక్కడ! నాకేం అక్కర్లేదు అలాంటి ఉద్యోగం!"

అంటూనే వెనక తలుపు తెరిచి నమూనాల పెట్టె ఒకటి పట్టుకుని లాగింది.

"ఒసేయ్, ఒసేయ్! అది లాగితే మొత్తం కూలుతుందే! ఎక్కించిన లోడు దించుతారా ఎక్కడైనా?"

"మా ఇంట్లో దించుతారు. పట్టుకోండి."

"నమూనాలు లేకుండా పాఠాలెలా చెప్తావు?"

"గీసి చెప్తాను. పిల్లలకు కావాల్సింది గీయడం రావడం. ఇవి కార్ఖానా వాళ్ళు వచ్చి తీసుకుపోతారు, అందాకా పిన్నిగారింట్లో ఉంటాయి. కాగితాలు మళ్ళీ చేసుకోవచ్చండీ. మిమ్మల్ని ఎక్కడ నుంచి తెచ్చుకోను?"

ఆయన ఆరు పెట్టెలూ తనే దించి పిన్నిగారి వసారాలో పెట్టి, వాటి చోట్లో మిషను అమర్చి, నలభై నిమిషాలు కుస్తీ పట్టి మళ్ళీ కారు ఊపి చూశాడు. ఆ తర్వాత ముందు సీట్లో ఒదిగి కూర్చున్నాడు. బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక తికమకపడుతుంటే ఆవిడే పెట్టింది.

మొదటి గంటా రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. ఇంతలో రోడ్డు పక్క ఓ ఊరి బోర్డు కనబడింది.

"ఆపు ఆపు! కాదు కాదు, మెల్లగా పోనీ! ఈ ఊరు నాకు తెలుసే!"

"మీకా? ఎప్పుడొచ్చారు?"

"రావడమేమిటి! వేల పెట్టెల మీద ఈ పేరు నేను కుంచెతో రాశాను. నెలకు నాలుగు లోడ్లు. అన్నీ కప్పులూ సాసర్లే. చూడు, అందరూ టీ తాగేవాళ్ళలాగే ఉన్నారా లేదా?"

ఇక పట్టపగ్గాల్లేవు. ప్రతి బోర్డూ ఆయనకు చుట్టమే. ఈ ఊరికి అద్దాలు వెళ్ళేవి, జనం మంచి సోకుగా ఉంటారు చూడు! ఆ ఊరికి ఊరగాయ జాడీలు. ఇదిగో, ఈ ఊరివాళ్ళు మహా గొడవ మనుషులు, చిన్న గీత పడ్డా తిప్పి పంపేవాళ్ళు! అద్దం దించి తల బయట పెట్టి ఇళ్ళూ కొట్లూ కళ్ళారా చూసుకున్నాడు. రెండు ఊళ్ళ మధ్య పెద్ద ఏరొకటి వచ్చేసరికి, వంతెన దాటేదాకా ఊపిరి బిగబట్టాడు.

"ఇక్కడ ఏరుందని ఒక్క డ్రైవరూ చెప్పలేదే నాకు!" అన్నాడు కోపంగా.

కత్తెరక్క పగలబడి నవ్వింది. స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసింది. అయినా ఆ రైలు మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి పెట్రోలు కోసం ఓ పట్నంలో ఆగారు. "ఇప్పుడే వస్తా" అని ఆయన దిగి సందులోకి తిరిగాడు. పెట్రోలు పోయించుకుంది, నీళ్ళు తాగింది, అద్దం తుడిచింది. పావుగంట, అరగంట, నలభై నిమిషాలు. మనిషి జాడ లేదు. రోడ్డుకు అవతల బస్టాండు. పొద్దున వాళ్ళు వదిలి వచ్చిన ఊరికే పోయే బస్సు ఒకటి అప్పుడే కదులుతోంది. కత్తెరక్క బస్సు కిటికీలన్నీ వెతికింది. ఆయన కనబడలేదు. కనబడకపోయినా భయం తగ్గలేదు. కారుకు తాళం వేసి, దొరకనీ చెప్తాను అని తిట్లన్నీ వరసగా పేర్చుకుంటూ సందులు గాలించింది.

మూడో సందులో దీపాల దుకాణం. లోపల తల నెరిసిన దుకాణదారు లోడు మాస్టారి రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తున్నాడు.

"పదిహేడో నెంబరంటే మీరేనా! చీటీలో ఎక్కించినవాడి నెంబరు చూసేవాళ్ళమండీ. పదిహేడుంటే పెట్టె విప్పి చూసుకునే పనే లేదు!"

"అన్నీ చేరేవా అయితే? పగలకుండా?" అని అడిగాడాయన. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మాట అడగడానికి ఆయనకు మనిషి దొరకలేదు.

"ఒక్క చిమ్నీ పగల్లేదు, నమ్మండి! మరి రిటైరయ్యాను అంటున్నారు, ఇప్పుడు లోడు మీద వచ్చారేం? ఈసారి ఏం సరుకు?"

లోడు మాస్టారు గుమ్మం వైపు వీపు పెట్టి ఉన్నాడు. వెనక భార్య వచ్చి నిలబడ్డ సంగతి తెలియదు.

"ఈసారి సరుకు నేనేనండీ" అన్నాడు. "మా ఆవిడ తీసుకుపోతోంది. బళ్ళో టీచరుద్యోగం వచ్చింది దానికి. నా చోటు కోసం తన పాతికేళ్ళ పనంతా దించేసిందండీ, ఆరు పెట్టెలు."

కత్తెరక్క పేర్చుకొచ్చిన తిట్లలో ఒక్కటీ బయటికి రాలేదు. చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి కారులో కూర్చుంది. ఇంకా ఏడు వందల కిలోమీటర్లుంది. ఆయన తీరుబడిగా వచ్చేదాకా హారన్ కొట్టలేదు.