బేగం మొరాయించిన నా పెళ్లి

మా ఖానాపూర్ దిక్కు ఆ రోజుల్లో కార్లు ఉన్నవాళ్లకంటే కార్ల గురించి తెలిసినవాళ్లే ఎక్కువ. బండి ఎక్కడైనా ఆగిందంటే చాలు, ఎడ్లు తోలేవాడి నుంచి పట్వారీ దాకా ప్రతివాడూ ముందు మూత ఎత్తి లోపలికి తొంగిచూసి, నాడి పట్టిన వైద్యుడిలా తలాడించేవాడు. తెలియదు అన్న మగవాణ్ని నేను చూడలేదు. (తర్వాత కూడా పెద్దగా చూడలేదనుకోండి.) మా ఇంట్లోనే అలాంటి వైద్యులు ముగ్గురు ఉండేవారు. వాళ్ల చేతుల్లో పడి నా పెళ్లి ఆగిపోయినంత పనైంది.

కారు మా పెద్దమామది. మేం అవ్వ అని పిలిచే మా అమ్మకు ఆయన అన్న. పోలీస్ యాక్షన్ తర్వాత ఊరు విడిచిపోయిన ఒక జాగీర్దారు ఇంటి నుంచి చవగ్గా కొన్నాడు. ఒకప్పుడు ఘోషా ఆడవాళ్లు తిరిగిన జనానా బండి కాబట్టి వెనక సీటు చుట్టూ పరదాలే, ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ కూడా. అందుకే ఊరంతా దాన్ని బేగం అనేవారు. నా పెళ్లేమో నిర్మల్ చర్చిలో. వరుడికి నస్పూర్ దిక్కు బొగ్గుబాయిలో పని, సెలవు దొరకడమే గగనం. పెళ్లి చేయాల్సిన అయ్యగారు ఆదిలాబాద్ నుంచి వచ్చి సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లాలి. ఆలోపు పెళ్లి కాకపోతే, ఉపవాసాల నలభై రోజులు పెళ్లిళ్లు చేయరు కాబట్టి, మళ్లీ ఈస్టరు తర్వాతే. పొద్దున్నే బస్సెక్కి పోదామని అవ్వ అంటే పెద్దమామ ఒప్పుకోలేదు. "బస్సుల దిగితే మగపెండ్లోళ్ల ముంగట ఇజ్జత్ ఏముంటది చెల్లె? నా మేనకోడలు కార్లనే దిగాలె" అన్నాడు.

నిర్మల్ ఇంకా కోసెడు దూరం, అంటే రెండు మైళ్లు, ఉందనగా బేగం ముక్కులోంచి ఆవిరి వచ్చింది. ఆపి నీళ్లు పోశారు. నీళ్లు తాగింది గానీ మళ్లీ కదల్లేదు. పెద్దమామ ముందుకు వెళ్లి ఇనుప హాండిల్ పెట్టి తిప్పాడు. అది ముసలి మేకలా దగ్గి ఊరుకుంది. నేను పరదా కొంచెం పక్కకు తీశానో లేదో, "పెండ్లిపిల్లవు బిడ్డా, తొవ్వ మీద పోయేటోళ్లు చూస్తరు, ముయ్యి" అని బాపు, అంటే మా నాన్న, కసిరాడు. నడినెత్తిన ఎండ, కాలిన రేకుడబ్బా, అందులో పట్టుచీరలో నేను, పక్కన అవ్వ. బయట వైద్యం మొదలైంది.

"ప్లగ్గులకు మసి పట్టింది, గంతే" అని పెద్దమామ వాటిని ఊడబీకి, పెళ్లికోసం కొన్న కొత్త కండువాతో తుడిచాడు. హాండిల్ తిప్పితే మళ్లీ అదే దగ్గు. చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, నవ్వాడు. "మసి లేదు గిసి లేదు బావా. పెట్రోలు వస్తలేదు. మిలిట్రీల లారీలు గిట్లనే చేస్తుండె." (చిన్నబాపు మిలిటరీలో ఉన్నమాట నిజమే, వంటశాలలో.) పైపు ఊడదీసి నోట పెట్టుకుని గట్టిగా పీల్చాడు. చాలాసేపు దగ్గి, కళ్లు తుడుచుకుని, "మంచిగనే వస్తున్నది" అన్నాడు.

"వంట చేసినోనికి ఇంజన్ సంగతి ఏం ఎరుక" అన్నాడు పెద్దమామ.

"నీ చెల్లె పెండ్లికి ఎడ్లబండి గూడ పంపకపోతివి. ఇయ్యాల ఇజ్జత్ గురించి నువ్వు చెప్తవా?" అని చిన్నబాపు ఎదురుతిరిగాడు.

ఇక కారు సంగతి పక్కకు పోయి, అవ్వ పెళ్లినాటి లెక్కలన్నీ బయటికి వచ్చాయి. లోపల నా జడలో పూలు వాడి ముడుచుకుపోతున్నాయి. అప్పటిదాకా చేతులు వెనక కట్టుకుని నిలబడ్డ బాపు, మిషన్ బడి పంతులు కదా, గొంతు సవరించుకున్నాడు. "మన బుద్ధికి అందని దాన్ని దేవుని చేతుల పెట్టాలె. తలలు వంచుండ్రి" అన్నాడు. బాపు ప్రార్థన అంటే మా ఇంట్లో కూర చల్లారేది. ఆ రోజు సృష్టి దగ్గర మొదలుపెట్టాడు. వానలకు వందనాలు చెప్పి, ఊళ్లో రోగులను పేరుపేరునా తలుచుకుంటున్నాడు. ఇంజను దాకా రావడానికి ఇంకా చాలా ఊళ్లు దాటాలి.

అప్పుడు వచ్చింది వెనక నుంచి ఒక పత్తిబండి.

"అవ్వా, దిగుదాం" అన్నాను.

"మగోళ్లకు ఒక మాట చెప్పొద్దా?"

"ప్రార్థనల ఉన్నరు. నడుమల లేపుతే పాపం."

అవ్వ నా మొహం చూసింది. పరదా సందులోంచి వంగి ఉన్న మూడు తలలను చూసింది. చెప్పులు చేతబట్టుకుని దిగింది. నేను చెయ్యి ఊపితే బండి తోలే ముసలాయన ఎడ్లను ఆపాడు. "జర పక్కకు కూసోండ్రి, పత్తి మెత్తగనే ఉంటది" అన్నాడు. ఎడ్ల గంటలకు ప్రార్థన వినబడదనుకున్నాడేమో, బాపు గొంతు ఇంకొంచెం పెంచాడు.

ఊరు కనిపిస్తుండగా వెనక నుంచి హారను మోగింది. బండి పక్కకు తీశాడు ముసలాయన. దుమ్ము లేపుకుంటూ బేగం మమ్మల్ని దాటి పోయింది. ముందు సీట్లో ముగ్గురూ భుజాలు ఆనించుకుని కూర్చున్నారు, యుద్ధం గెలిచినట్టు. చిన్నబాపు మా బండివైపు చెయ్యి విసిరి పక్కకు జరగమన్నాడు కూడా. మమ్మల్ని మాత్రం చూడలేదు. అవ్వ నోట్లో దుమ్ము ఉమ్మేసి, "నడిచింది గద, మంచిదే" అంది. ఇద్దరం పత్తిలో పడి నవ్వాం.

చర్చి ముందు జరిగింది మా ఆడబిడ్డ చెప్పగా విన్నాను. బాజాలు మోగాయట. మా అత్త దండ పట్టుకుని ఎదురువచ్చిందట. పెద్దమామ వెనక తలుపు తీసి, నగ చూపించినట్టు పరదా పక్కకు లాగాడట. సీటు మీద అవ్వ తమలపాకుల సంచి ఒక్కటే ఉంది. బాజాలు ఆగాయి. "పిల్ల ఏది?" అని మా అత్త నెమ్మదిగా అడిగింది. చిన్నబాపు సీటు కింద కూడా వెతికాడట. "ఒక్కసారి ప్రార్థన చేద్దాం" అని బాపు మొదలుపెట్టబోతే, అయ్యగారే వద్దన్నారట.

కొంతసేపటికి తలనిండా పత్తితో నేను వెళ్లి దిగాను. పెళ్లయింది. అయ్యగారికి బస్సు కూడా దొరికింది.

ఆ వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డం పడుతుందనీ, ముట్టుకోకుండా వదిలేస్తే చల్లారి బండి దానంతటదే నడుస్తుందనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ లెక్కన బాపు ప్రార్థన పొడుగే పనిచేసిందనాలి. కానీ ప్లగ్గులు తుడిస్తే నడిచిందని పెద్దమామ, పైపు పీలిస్తే నడిచిందని చిన్నబాపు చివరిదాకా వాదించుకుంటూనే పోయారు. పెళ్లికూతురు లేకుండా వెళ్లిన సంగతి మాత్రం ముగ్గురిలో ఒక్కరూ ఎత్తేవారు కాదు.

నాకు మటుకు తలుచుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది, ఎవరినీ అడగకుండా కారు దిగిన ఆ పిల్ల. ఆ తర్వాత జన్మంతా ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరినో ఒకరిని అడిగే చేశాను. అంత ధైర్యం ఆ పిల్లకు ఎక్కడిదో, కనిపిస్తే అడగాలని ఉంటుంది. నా మాటకు ఆగుతుందని మాత్రం అనుకోను.