మూడు వేళ్ళ రూఫస్ ఆట

మునగపాక దగ్గర ఒక చెరకు గానుగలో కుడి చేతి చూపుడు వేలూ, మధ్య వేలూ పోయేనాటికి రూఫస్‌కి పంతొమ్మిదేళ్ళు. గడతో పాటు చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది. నొప్పి వెంటనే రాలేదు. ముందు రసం రంగు మారింది. తొట్టిలో నురగలు కక్కుతున్న పచ్చటి రసంలోకి ఎర్రటి దారమొకటి దిగి, తీరిగ్గా విప్పుకుంటూ పోయింది. అది ఎంత బావుందో అనుకుంటూ నిలబడ్డాడు. తర్వాత ఎక్కడో కేక వినబడింది. ఆ కేక తనదేనని తెలిసేసరికి ఎవరో ఇంజను ఆపేశారు. తొట్టి రసం కాలవలో పారబోశారు. వేళ్ళ కోసం ఎవరూ వెతకలేదు.

కట్టు విప్పాక అతను మనుషుల్ని కొట్టడం మొదలుపెట్టాడు. అనకాపల్లి బస్టాండులో ఎవడో "మూడు వేళ్ళోడా" అని పిలిస్తే ఎడమ పిడికిలితో వాడి ముక్కు చితక్కొట్టాడు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాడు ఒకడు జాలిగా చూశాడని వాణ్ణి బండి చక్రానికేసి బాదాడు. చర్చిలో పాస్టరుగారు అందరూ చప్పట్లు కొట్టమంటే రూఫస్ లేచి బయటికి వెళ్ళిపోయి, గోడని గుద్ది వచ్చాడు. ఆరు నెలలు అతని చుట్టూ గాలి కూడా తప్పుకుని వీచింది.

తప్పుకోనివాడు బాబ్జి ఒక్కడే. రైల్వే స్టేషన్ రోడ్డులో ఒక మేడ మీద బాబ్జి వీడియో గేముల షాపు నడిపేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ. ఒకరోజు రూఫస్ కాలరు పట్టుకుని మెట్లెక్కించాడు.

"ఊరంతా కొట్టుకు తిరిగితే ఎవుడో ఒకడు పొడిసేత్తాడు బావా. ఇలారా. ఇక్కడ ఎంతమందిని సంపినా కేసవ్వదు."

లోపల నాలుగు మెషీన్లు. నాలుగింట్లోనూ ఒకటే ఆట, థండర్ పిట్. రాతి గొయ్యిలో ఇద్దరు మనుషులు. పైన మెరుపులు. ఒకడు నేల కరిచే దాకా రెండోవాడు కొట్టాలి. దెబ్బ తగిలినప్పుడల్లా తెర అద్దం లోపల నెత్తురు పువ్వుల్లా రాలేది. రూఫస్ స్టిక్కు పట్టుకున్నాడు. మూడు వేళ్ళ మధ్య అది చేపలా జారిపోయింది. అతని మనిషి పది క్షణాల్లో చచ్చాడు. రూఫస్ అద్దాన్ని గుద్దబోతే బాబ్జి చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాన్నెందుకు కొడతావు? పిడి మారుద్దాం. రేపు ఏటికొప్పాక ఎళ్దాం."

ఏటికొప్పాకలో లోకనాథం అనే ముసలి పనివాడు లక్క బొమ్మలు చేసేవాడు. మెషీను ఏమిటో, ఆట ఏమిటో అతనికి తెలియదు.

"దీన్తో ఏటి సేత్తారు?"

"మనుసుల్ని కొడతాం మామా" అన్నాడు బాబ్జి.

"సుబ్బరంగా ఉంది. నేను జన్మంతా పిల్లల గిలకలు సేసేను. ఇయ్యాల కొట్లాటకి సేత్తాను." లోకనాథం కొలత తీసుకోలేదు. "నీ సెయ్యి ఇలాగియ్యి" అన్నాడు. రూఫస్ ఆ చేతిని ఆరు నెలలుగా ఎవరికీ ఇవ్వలేదు. ముసలాయన దాన్ని తన రెండు చేతుల్లోకీ తీసుకుని, కళ్ళు మూసుకుని, ఉంగరపు వేలు ఎక్కడ ఆనుతుందో, బొటనవేలు ఎంత దూరం వెళుతుందో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత అంకుడు కర్ర ముక్కని తరిణి మీద పెట్టి గిర్రున తిప్పాడు. పచ్చి జామకాయంత పిడి, ఒక పక్క వేలు పడుకోవడానికి చిన్న పల్లం. తిరుగుతున్న కర్రకి లక్క తాకించి, మొగలాకుతో నున్నగా రుద్దాడు. ఎర్రటి పిడి, వేడివేడిగా, అరచేతిలోకి వచ్చి కూర్చుంది. అక్కడ ఎప్పట్నుంచో ఉన్నట్టే ఉంది.

ఆ సాయంత్రం రూఫస్ పదకొండు మందిని చంపాడు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరినీ కొట్టలేదు.

వాళ్ళూ వీళ్ళూ చూశారు. నర్సీపట్నం నుంచి, చోడవరం నుంచి ఆటగాళ్ళు వచ్చి, ఓడి, దారిలో ఏటికొప్పాకలో దిగి తమకూ పిడి చేయించుకుని వెళ్ళారు. కొన్నాళ్ళకి అదొక అలవాటైపోయింది. చొక్కా జేబులో ఎవరి పిడి వాళ్ళు తెచ్చుకోవడం, మెషీను మీది పిడి మర తిప్పి తీసి, తమది బిగించుకోవడం. పసుపు పిడి వచ్చిందంటే ఫలానావాడు, నల్ల పిడి అంటే ఫలానావాడు. ఇంకో అలవాటు కూడా పుట్టింది. ఇద్దరి మధ్య తగువొస్తే ఒట్టాట ఆడేవారు. ఓడినవాడు మెషీను అద్దం మీద అరచెయ్యి ఆనించి "నీదే మాట" అనాలి. అన్నాక దానికి తిరుగు లేదు. పెళ్ళి చూపుల తగువులూ, పొలం గట్టు తగువులూ అలా తెగిన రోజులున్నాయి.

రూఫస్ మాకవరపాలెం పిల్ల షైనీని చేసుకుని, బెల్లం మార్కెట్ వెనక సందులో సొంతంగా షాపు పెట్టుకున్నాడు. థండర్ పిట్ మెషీను ఒక్కటే. మిగతా రెండిట్లో కార్ల ఆటలు. షైనీ బల్ల దగ్గర కూర్చుని ఆట బిళ్ళలు ఇచ్చేది. చీమలు తీపి వాసనకి వచ్చి మెషీను లోపల ఆట నడిపే బోర్డులో కాపురం పెడితే నోటితో ఊది పంపేది. పదేళ్ళు అలా గడిచాయి.

అప్పుడు ఎక్కడో సముద్రాల అవతల, థండర్ పిట్ తయారుచేసిన చిన్న కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. ఆ సంగతి అనకాపల్లికి పేపర్లో రాలేదు. రెండేళ్ళు ఆలస్యంగా, రెండువేల ఆరులో, వ్యానులో వచ్చింది. కొన్నవాళ్ళు ఈ పక్క హక్కులన్నీ దూరపు నగరంలోని మరో కంపెనీకి ఇచ్చారు. వీళ్ళు ముందు విశాఖలో బోర్డులిచ్చే డీలరుని కొన్నారు. తర్వాత చోడవరం షాపు, ఎలమంచిలి షాపు, నర్సీపట్నం షాపు. ఇకమీదట థండర్ పిట్ తమ పచ్చ మెషీన్లలో తప్ప ఇంకెక్కడా ఆడకూడదన్నారు. పచ్చ మెషీను స్టిక్కు సన్నటి స్టీలు కడ్డీ. మర లేదు, పిడి లేదు. పిడి తగిలించే వీల్లేకుండా చుట్టూ సీలు. సీలు పగిలితే ఆ షాపులో మెషీన్లన్నీ వాటంతటవే మూసుకుపోతాయి. నగరంలో ఎవరో మీట నొక్కితేగాని తెరుచుకోవు.

బాబ్జి తన షాపు అమ్మేశాడు. అదే మేడ మీద అదే కంపెనీకి మేనేజరయ్యాడు. మెడలో కంపెనీ బిళ్ళ వేసుకుని రూఫస్ దగ్గరికి వచ్చాడు.

"బోర్డు ఇచ్చెయ్ బావా. నీది కాదది. డీలరు మాట మీద ఇచ్చేడు. కాయితం ఏటైనా ఉందా?"

"మాట ఉంది కదరా."

"ఆ మాటనీ కొనేసేరు."

రూఫస్ తన చేతిని బల్ల మీద పెట్టాడు. "మీ మెషీను మీద నా పిడి పెట్టనిత్తావేటి? ఒక్క మెషీను సాలు. బోర్డు ఇప్పుడే పట్టుకుపో."

బాబ్జి ఆ చేతిని చూడలేదు. "సీలు తీత్తే నా ఉజ్జోగం పోతాది."

"ఐతే ఒట్టాట ఆడు. నువ్వు గెలిత్తే పట్టుకుపో. నేను గెలిత్తే ఈ మెషీను జోలికి రాకు."

"బాబ్జి బావకి బిళ్ళ అడ్డమొత్తాదేమో, మెడలోంచి తియ్యమను" అంది షైనీ. సందులో జనం నవ్వారు. బాబ్జి బిళ్ళ వెనక్కి తిప్పుకుని కూర్చున్నాడు.

మూడు రౌండ్లు. రూఫస్ మొదటి రౌండులో అతని మోకాలు విరిచాడు. రెండోది పోగొట్టుకున్నాడు. మూడోదానిలో గోడకి నొక్కిపెట్టి, లేవబోతే కొట్టి, మళ్ళీ లేవబోతే కొట్టి, అద్దమంతా ఎరుపు చేశాడు. నలభై మంది చూస్తుండగా బాబ్జి అరచెయ్యి అద్దానికి ఆనించి "నీదే మాట" అన్నాడు. రూఫస్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. కంపెనీ ఒట్టాట ఆడలేదన్న సంగతి అతనికి తోచనే లేదు.

మూడో రోజు పొద్దున్న పదకొండింటికి వ్యాను సందుకి అడ్డంగా ఆగింది. నలుగురు మనుషులు దిగారు, వెనక బాబ్జి. బాబ్జే మెషీను వెనక చెక్క విప్పాడు. మర ఎక్కడుందో అతనికి తెలుసు మరి.

"నీ అరిసెయ్యి నా అద్దం మీద ఇంకా ఉందిరా" అన్నాడు రూఫస్. "నేనింకా తుడవలేదు."

"నేను కాపోతే ఇంకోడొత్తాడు బావా."

"ఇంకోణ్ణి రానియ్యాల్సింది."

ఎడమ పిడికిలి బాబ్జి నోటి మీద పడింది. పన్ను ఊడి చొక్కా మీద రాలింది. నలుగురూ ఒక్కసారే మీదికి వచ్చారు. ఒకడు షట్టరు లాగే ఇనుప కడ్డీ అందుకుని రూఫస్ డొక్కలో కొట్టాడు. లోపల ఎండు పుల్ల విరిగిన చప్పుడు అతనికి వినబడింది. షైనీ కూర్చున్న స్టూలు ఎత్తి ఆ కడ్డీవాడి నుదుటి మీద వేసింది. కనుబొమ్మ చీలి, కన్ను కనబడకుండా నెత్తురు కారింది. "రండి, ఇంకెవుడు?" అని అరిచింది. ఆ గొడవలో రూఫస్ బోర్డు లాగేశాడు. రెండో అంచు బాబ్జి పట్టుకున్నాడు. ఇద్దరూ మొహాలు దగ్గరగా పెట్టుకుని, ఒకరి నెత్తురు ఒకరి మీద చిందుతుంటే, పసిపిల్లని చెరోవైపూ గుంజినట్టు గుంజారు. బోర్డు మధ్యకి పుటుక్కుమంది. ఇద్దరూ చెరోవైపు వెల్లకిలా పడ్డారు. కాసేపు ఎవరూ ఎవరినీ కొట్టలేదు.

ఆ ముక్కలు ఎవరికీ అక్కర్లేకపోయాయి.

మూడు వారాలకి, డొక్కల కట్టుతోనే, రూఫస్ స్టేషన్ రోడ్డు మేడ మెట్లెక్కాడు. ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట. షైనీ ఇంకా చర్చి నుంచి రాలేదు. పైన ఎనిమిది పచ్చ మెషీన్లు, వంద మంది జనం. ఆ రోజు కంపెనీ పోటీకి ఆఖరి రోజు. ఎక్కువమందిని గెలిచినవాణ్ణి పెద్ద ఆటకని విశాఖ తీసుకెళతారు. అందరికన్నా ముందున్నవాడు సత్తియ్య. మార్కెట్లో దిమ్మలు మోస్తాడు, ఏడాది పాటు రూఫస్ పక్కన నిలబడి ఆట నేర్చుకున్నాడు.

"రా గురువా! ఇలా కూకో" అని సత్తియ్యే చోటిచ్చాడు. ఒకణ్ణి ఎన్నిసార్లు గెలిచినా ఒక్కటే లెక్క, ఇంకా ఇద్దరిని గెలిస్తే చాలన్నాడు. మొహం వెలిగిపోతోంది.

రూఫస్ స్టీలు కడ్డీ పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఓడిపోయాడు. మళ్ళీ సత్తియ్యతోనే ఆడాడు, ఓడిపోయాడు. నాలుగోసారికి ఉంగరపు వేలి చర్మం లేచిపోయి కడ్డీ ఎర్రగా తడిసింది. తడిసినకొద్దీ జారింది. అద్దం లోపల అతని మనిషి గోడకి నక్కి, తల ఎత్తకుండా, దెబ్బ మీద దెబ్బ తింటున్నాడు. వెనక ఎవరో మెల్లగా అన్నారు, "పోన్లే అన్నా, వదిలెయ్." ఆ మాటలో జాలి ఉంది. పదేళ్ళ పైబడి అతను వినని జాలి.

ఎడమ పిడికిలితో పచ్చ పలకని గుద్దాడు. మొదటి దెబ్బకి బీట పడింది. రెండోదానికి పిడికిలి లోపలికి దిగింది. ప్లాస్టిక్ పెంకులు మణికట్టులో గుచ్చుకున్నాయి. సీలు తునకలైంది. "బావా వద్దు!" అని బాబ్జి అవతలి నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. రూఫస్ జేబులోంచి పిడి తీసి కడ్డీ మీద నొక్కిపెట్టి, ఒక్క దెబ్బ, ఒకే ఒక్కటి, సూటిగా కొట్టాడు. సత్తియ్య మనిషి గాల్లోకి లేచాడు.

లేచినవాడు కింద పడలేదు. అద్దం నల్లబడిపోయింది. పక్కది నల్లబడింది, ఆ పక్కది. ఎనిమిదీ ఆరిపోయాయి. ఆట ఉరుములు ఆగిపోయిన గదిలో వంద మంది ఊపిరి వినబడింది.

"నా ఆట" అన్నాడు సత్తియ్య. "నేను గెలిసినయన్నీ పోనాయి..."

మొదటి దెబ్బ సత్తియ్యదే. దిమ్మలెత్తే చేతి దెబ్బ, చెవి మీద. తర్వాత ఎవరు ఎవరో తెలియలేదు. పసుపు పిడివాడు తన్నాడు, నల్ల పిడివాడు తన్నాడు. రూఫస్ దగ్గర కొట్టడం నేర్చుకున్నవాళ్ళంతా ఎక్కడ కొట్టాలో తెలిసి కొట్టారు. రూఫస్ చెయ్యి ఎత్తలేదు. "సచ్చిపోతాడ్రా!" అని అరుస్తూ బాబ్జి వచ్చి అతని మీద పడి కప్పేశాడు. బాబ్జి వీపు మీద కూడా దెబ్బలు పడ్డాయి. అలాగే పాకుతూ, ఈడుస్తూ, ఇద్దరూ మెట్ల మీదికి చేరారు.

పావుగంటకి నగరంలో ఎవరో మీట నొక్కారు. లోపల ఉరుములు మొదలయ్యాయి. సత్తియ్య గెలిచినవేవీ పోలేదట. ఒక పెద్ద ఈల వినబడింది.

"కేసెట్టమంటారు కంపెనీవోళ్ళు" అన్నాడు బాబ్జి, చొక్కా అంచుతో రూఫస్ చెవి అదిమిపెడుతూ.

"ఎట్టు."

షైనీ చర్చి చీరతో, చంకలో బైబిలుతో, మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. బాబ్జిని చూసి చెయ్యి ఎత్తింది.

"ఈడు కాదే" అన్నాడు రూఫస్.

"మరెవులయ్యా? ఎవులు కొట్టేరు?"

"మనోళ్ళే."

ఆమె ఎత్తిన చెయ్యి దించి, అతని చంక కింద దూర్చింది. బాబ్జి రెండోవైపు పట్టుకున్నాడు. రూఫస్ సగం లేచి, ఆగిపోయాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. తల లోపలి వైపు తిప్పి, చప్పుళ్ళని ఒక్కొక్కటే వింటున్నాడు. సత్తియ్య ఆడుతున్నాడు. వాణ్ణి ఎవరో తరుముతున్నారు.

"కుడిపక్క ఒగ్గేత్తన్నాడు ఎదవ" అన్నాడు, నోట్లో నెత్తురు ఉమ్మి. తర్వాత, విరిగిన డొక్కలతో ఎంత గొంతు వస్తే అంత గొంతుతో, "సత్తిగా! కుడి కాయిరా! కుడి!" అని అరిచాడు.

"నడు, ఆసుపత్రికెళ్దాం" అంది షైనీ.

"ఆగే. ఈ రౌండు అవనీ."