చూసింది చెప్పాలి

పొద్దున్నే తాళం చేతిలోకి తీసుకున్నాక గీత మాస్టారు నేరుగా వెళ్ళి కారు తలుపు తీసేవారు కాదు. ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగేవారు. నాలుగు చక్రాలనీ కాలితో తట్టి, పాత బనీను గుడ్డతో అద్దాలు తుడిచి, దీపాలు వేసి వాటి వెలుగు ఎదురుగోడ మీద సరిగ్గా పడిందో లేదో చూసుకునేవారు. ఆఖరున ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవారు.

"తండ్రీ, ఇవాళ నా చేతిమీదుగా ఎవరికీ దెబ్బ తగలనివ్వకు."

అంతే ఆయన ప్రార్థన. తనకి దెబ్బ తగలకూడదని మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కనాడూ అడగలేదు. వంటింటి కిటికీలోంచి ఇదంతా రోజూ చూసే భార్య, "దేవుడికి ఈ ఒక్క కారు చూసుకోవడమే సరిపోతోంది, మిగతా లోకం గతేమిటో!" అని నవ్వేది.

కారు నడపడం నేర్పడం ఆయన వృత్తి. సిగ్నలు దగ్గర తెల్లగీత కనపడితే చాలు, "గీత వెనక! గీత వెనక!" అని అరిచేవారు. ఆ కేకే ఆయనకి పేరైపోయింది. ఆ బండిలో బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్కసీట్లో మాస్టారి కాలి కింద. ఆ రెండోదాన్ని ఆయన తొక్కాల్సి వచ్చిందంటే ఆ రోజు పాఠం పాడైనట్టే లెక్క.

ఆయన పద్ధతే వేరు. నడిపేవాళ్ళు నోరు మూసుకుని నడపకూడదు. కంటికి కనపడిందల్లా పైకి చెప్తూ నడపాలి. చూసింది చెప్పాలి, చెప్పలేదంటే చూడనట్టే. పరీక్ష ఐదుసార్లు తప్పిన ఒక కుట్టుపని ఆవిడ మాత్రం ఈ పద్ధతిని సుఖంగా వాడుకునేది.

"ఎడమపక్క సైకిలు, మాస్టారూ. ఎదురుగా లారీ. సిగ్నలు ఎరుపు. ఆ కొట్లో నీలం చీర, జరీ అంచు, భలే ఉంది."

"చీర రోడ్డు మీద ఉందామ్మా?"

"లేదండీ. చూసింది చెప్పమన్నారుగా!"

మాస్టారు కోపం తెచ్చుకోబోయి నవ్వేసేవారు. వెనకసీట్లో తన వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇక వాళ్ళ నవ్వు ఆపడం ఎవరి తరమూ కాదు.

గురువారం మధ్యాహ్నం మాత్రం బండి ఆపేసి నల్లబల్ల ముందు కూర్చోబెట్టేవారు. పసుపు దీపం అంటే తొందరపడమని కాదు, ఆగడానికి సిద్ధపడమని. పిల్లలు దాటే చోట మన దారి మనది కాదు, వాళ్ళది. చలానా వస్తే సొరుగులో పడేసి మనం మర్చిపోయినా అది మర్చిపోదు. గడువు దాటితే రెట్టింపై తిరిగొస్తుంది. ముందు నంబరు, తేదీ, చోటు సరిచూసుకోండి. వెనకవైపు సన్నక్షరాలు కూడా చదవండి. తప్పు మనదైతే ఒప్పుకోండి, కాదనుకుంటే విచారణ కోరి సాక్ష్యం చూపించమని అడగండి. అడగడం మన హక్కు. ఇవన్నీ చెప్పాక నల్లబల్ల అడుగున ఒక వాక్యం రాసేవారు: 'చూపుగాని, ఒంట్లో శక్తిగాని తగ్గితే ఎవరూ పట్టుకోకముందే మనమే వెళ్ళి లైసెన్సు అప్పగించాలి.' దాని గురించి ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. వయసులో ఉన్నవాళ్ళకి ఆ వాక్యంతో పనేముంది?

అలాంటి మాస్టారింటికి ఒక రోజు చలానా వచ్చింది. ఎర్ర సిగ్నలు దాటారు, ఉదయం ఎనిమిదింబావు, బడి దగ్గర కూడలి.

మాస్టారు దాన్ని ముందూ వెనకా చదివారు. కాగితాన్ని మొహానికి ఎదురుగా పట్టుకుని, తలని అటూ ఇటూ తిప్పుతూ మళ్ళీ చదివారు. "యంత్రం పొరబడింది," అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన పేరు మీద ఒక్క చలానా లేదు. ఆ కూడలిలో కెమెరా పెట్టి నెల కూడా కాలేదు, కొత్తది కదా, తడబడి ఉంటుంది. గురువారం క్లాసులో ఆ కాగితాన్నే పాఠం చేశారు.

"విచారణ అడిగాను. ఎలా వాదించాలో వచ్చేవారం చెప్తాను."

"ఓడిపోతే ఇక నన్ను ఐదుసార్లు పరీక్ష తప్పానని దెప్పకూడదు," అంది కుట్టుపని ఆవిడ.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మాస్టారే నవ్వారు.

విచారణ అధికారిణి నెమ్మదైన మనిషి. మాస్టారు నిలబడి, కాలరు సర్దుకుని, తాను ఎవరో, ఎన్నేళ్ళుగా నేర్పుతున్నారో చెప్పి, సాక్ష్యం చూపించమని అడిగారు. ఆవిడ గదిలో మిగతావాళ్ళని కాసేపు బయట కూర్చోమంది. తర్వాత తెరని ఆయన వైపు మాత్రమే కనపడేలా తిప్పింది.

బడి కూడలి. పక్కన స్తంభం మీద ఎర్ర దీపం. దాటే చోట నలుగురైదుగురు పిల్లలు, వాళ్ళ ముందు, రోజూ వాళ్ళని రోడ్డు దాటించే జెండా అక్క. ఆవిడ అసలు పేరు పిల్లలకి తెలీదు, తెలిసింది చేతిలో జెండా ఒక్కటే. దీపం ఎర్రగా ఉంది, పిల్లలు అడుగు వెయ్యాలి. కానీ ఆవిడ వెయ్యనివ్వలేదు. జెండా కర్రని వాళ్ళ ఛాతీలకి అడ్డంగా పెట్టి నిలబడింది. అప్పుడు వచ్చింది మాస్టారి కారు. వేగం లేదు, తొట్రుపాటు లేదు, ఆదివారం షికారుకి వెళ్తున్నట్టు సాఫీగా ఎర్ర దీపం దాటి వెళ్ళిపోయింది. అది వెళ్ళాక ఆవిడ రోజూలాగే కారు వైపు చెయ్యెత్తి పలకరించింది, తర్వాత పిల్లల్ని దాటించింది.

మాస్టారు తెర దగ్గరికి వంగారు. "ఇంకొక్కసారి," అన్నారు. అధికారిణి మళ్ళీ వేసింది. ఈసారి ఆయన కారు వైపు చూడలేదు. అడ్డంగా ఉన్న ఆ జెండా కర్ర వైపే చూశారు. కారు రాకముందే అది అక్కడ ఉంది.

"జరిమానా కట్టేస్తే ఇక్కడితో అయిపోతుందండీ," అంది అధికారిణి మెల్లగా. "అందరికీ ఒకసారి జరుగుతుంది."

మాస్టారు జరిమానా కట్టారు. రసీదు జేబులో పెట్టుకుని, కారుని ఆ ఆవరణలోనే వదిలేసి, గోడ పక్కగా నడుచుకుంటూ ఇంటికి వచ్చారు.

మర్నాడు కళ్ళ డాక్టరు ఆయన్ని ఒక గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి కూర్చోబెట్టింది. లోపల చుక్కల్లాంటి వెలుగులు వస్తాయట, కనపడినప్పుడల్లా మీట నొక్కాలట. ఎదురుగా వచ్చిన కొన్నింటికి నొక్కారు. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మాస్టారు బుద్ధిగా, వేలు మీట మీదే ఉంచి ఎదురుచూశారు.

"పక్కల వచ్చేవి ఎప్పుడు మొదలుపెడతారమ్మా?"

డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "అయిపోయాయి, మాస్టారూ."

అంచుల చూపు పోయింది, మధ్యలో కిటికీ అంత మిగిలింది. పోయింది తిరిగి రాదు. రెండు మూడేళ్ళుగా పోతూ ఉండాలి, మీకు తెలియలేదా అని అడిగింది. తెలియలేదు. ఎలా తెలుస్తుంది? పొద్దున్నించి సాయంత్రం దాకా పక్కన ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు కదా. ఎడమపక్క సైకిలు, మాస్టారూ. సిగ్నలు ఎరుపు, మాస్టారూ. వాళ్ళకి నేర్పుతున్నాననుకున్న ఆ రెండు మూడేళ్ళూ వాళ్ళ కళ్ళతోనే ఆయన చూశారు. ఒంటరిగా నడిపేది పొద్దున్న ఇంటినుంచి బడి కూడలి మీదుగా వెళ్ళే ఆ కాస్త దూరమే. ముందు ఇంకో బండి ఉంటే దాన్ని చూసి ఆగేవారు. లేని రోజున చెప్పే నోరే లేదు.

ఇంటికొచ్చి, తన చూపు తగ్గినట్టు ఎప్పుడైనా అనిపించిందా అని భార్యని అడిగారు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి సరిగ్గా ఆయన ముక్కుకి సూటిగా పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. చాన్నాళ్ళుగా ఆ గ్లాసు పక్కన పెట్టడం లేదు. గుమ్మం పక్కన ఉండే పీట ఎప్పుడో మంచం కిందికి పోయింది.

"నీకూ తెలుసన్నమాట."

"కాలికి తగిలించుకుంటుంటే తీసేశానంతే. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను," అంది. "అంతకు మించి అడగడానికి నోరు రాలేదండీ. ఆ బండి తప్ప మీకు ఇంకోటి ఏముంది?" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. లైసెన్సు ఆఫీసు గేటు దాకా రెండుసార్లు నడిచి వెళ్ళారు మాస్టారు, రెండుసార్లూ తిరిగొచ్చేశారు. జరిమానా కట్టేశారు కదా, ఇక అడిగేవాళ్ళు ఎవరూ లేరు. డాక్టరు ఎవరికీ చెప్పదు. పక్కసీట్లో కూర్చుంటే ఎప్పటిలా గడిచిపోతుంది, రెండో బ్రేకు ఉండనే ఉంది. పొద్దున ఆ కాస్త దూరం ఎవరినైనా నడపమంటే సరిపోతుంది. ఇలా మనసు ఒక్కో దారీ వెతికి పెడుతూనే ఉంది. అయినా పొద్దున లేచి ఇంజను మూత మీద చెయ్యి పెడదామంటే, వాకిట్లో కారూ లేదు, నోటికి ఆ ప్రార్థనా రాలేదు.

ఐదో రోజు ఎనిమిది గంటలకి బడి కూడలికి నడిచి వెళ్ళారు. జెండా అక్క దూరం నుంచే చూసింది. ఆయన నడిచి రావడం చూసి ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎన్నిసార్లమ్మా?" అన్నారు మాస్టారు, పలకరింపు కూడా లేకుండా.

ఆవిడ తల దించుకుంది. "లెక్కపెట్టలేదు, మాస్టారూ. శీతాకాలం నుంచి."

"ఎవరికైనా చెప్పావా?"

"మా పిల్లకి బండి నేర్పింది మీరు. భయపడి ఏడుస్తుంటే వారం రోజులు ఊరికే బండిలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పారు. అలాంటి మనిషి మీద నేను ఫిర్యాదు చెయ్యనా?" ఆవిడ జెండా కర్రని దగ్గరికి తీసుకుంది. "మీ కారు మలుపు తిరగడం చూస్తే చాలు, దీపం ఏ రంగులో ఉన్నా పిల్లల్ని పట్టుకునేదాన్ని. నేనున్నానుగా అనుకున్నాను."

"నువ్వు రాని రోజున?"

వేసవిలో ఆవిడ జ్వరంతో మూడు రోజులు రాలేదని ఇద్దరికీ తెలుసు. ఆ మూడు రోజులూ ఏమీ జరగలేదు. ఎందుకు జరగలేదో దేవుడికే తెలియాలి. మాస్టారు ఆ స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డారు. తల బాగా పక్కకి తిప్పితే తప్ప దాని మీది దీపం ఆయనకి కనపడలేదు.

పిల్లలు వచ్చారు. ఆవిడ వాళ్ళని దాటించి వచ్చింది. అటువైపు చేరిన ఒక చిన్నపిల్ల మాస్టారికి చెయ్యూపింది. ఎవరికో అనుకుని ఆయన ఊరుకుంటే, "మీకే, మాస్టారూ," అని జెండా అక్క మెల్లగా చెప్పింది. అప్పుడాయన చెయ్యెత్తారు.

"నా మీద కోపమా?" అంది ఆవిడ.

"నీ మీద ఏం కోపమమ్మా. రోజూ పొద్దున నేను దేవుణ్ణి అడిగింది నీ చేత చేయించాడు." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "కానీ ఇలా కడుపులో పెట్టుకోకూడదు. చూసింది చెప్పాలి. ముప్పై ఏళ్ళు అందరికీ అదే నేర్పి, నా వరకూ వచ్చేసరికి నేనే చెప్పలేకపోతున్నాను."

చొక్కా జేబులోంచి లైసెన్సు తీశారు. అంచులు అరిగిపోయాయి, ఫొటోలో జుట్టు నల్లగా ఉంది.

"ఆఫీసు పదింటికి తెరుస్తారు. రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చేశాను. ఒక్క సాయం చెయ్యి, చెల్లెమ్మా. బడి గంట కొట్టాక నాతో రా. ఆ జెండా కూడా తీసుకురా. గేటు దగ్గర నేను వెనక్కి తిరిగితే, పిల్లలకి పెట్టినట్టే నాకూ అడ్డం పెట్టు."