ఇటాలియన్ రాని డ్రైవరు

పలాసలో మా మావయ్యకు పెళ్లి బ్యాండు ఉంది. పాలిటెక్నిక్ చదివి కీబోర్డు నేర్చుకున్న నన్ను టెక్కలిలో ఒక ఊరేగింపుకు తీసుకెళ్లాడు. బాగా చేస్తే బ్యాండులో చోటు ఖాయం.

సంగీతం పుస్తకాల్లో మెల్లగా, జోరుగా వాయించమని చెప్పే మాటలన్నీ ఇటాలియన్‌లోనే ఉంటాయి. ఒకప్పుడు ఇటలీ విద్వాంసులు దేశదేశాలు తిరిగి నేర్పడంతో వాళ్ల మాటలే నిలిచిపోయాయట. మనకెందుకవి అని పదకొండు మాటలు తెలుగు చేసి, నంబర్లు వేసి, బ్యాండు వాళ్లకు పంచాను. మైకులో నేను చెప్పినట్టు వాళ్లు వాయించాలి.

పల్లవి అయ్యాక "మెల్లగా" అన్నాను. బ్యాండుతోపాటు వెనక వస్తున్న పెళ్లికొడుకు కారూ నెమ్మదించింది. "జోరుగా" అన్నాను. కారు ముందుకు దూకింది. కారు ముందు డాన్సు చేస్తున్న పెళ్లికూతురి బాబాయిలు రోడ్డు పక్కనున్న కొబ్బరిబొండాల కుప్ప ఎక్కేశారు. హడలిపోయి "ఆపు!" అని అరిచాను. కారు ఆగింది. బ్యాండు ఆగలేదు, ఎందుకంటే నా జాబితాలో ఆ మాట లేదు.

మావయ్య క్లారినెట్ దించాడు. "ఏటిరా అల్లుడా, బ్యాండు నడుపుతన్నావా, కారు నడుపుతన్నావా?"

చోటు పోయిందనుకున్నాను.

"రేపట్నించి ఆ ఇటలీ మాటలే మావోలకి నేర్పు. డ్రైవరుకి తెలీకుండా ఉంటాది."

ఆ రోజే జాబితాలో పన్నెండో మాట చేర్చాను.