పాట ఆపితే అదిరే చెయ్యి

కబురు ముందుగా తెచ్చింది మా వదిన. గాజువాకలో ఓడల రేకులకు తుప్పు గీకే రోబో చేతులు తయారుచేసే షెడ్డులో ఆమె ఆఫీసు పని చూస్తుంది. ఆ చేతిని నడిపే ప్రోగ్రాం నాది. ఆటో దిగి, చెప్పులైనా విప్పకుండా అంది: "ఓలమ్మా, నీ సెయ్యి మళ్ళీ ఎగిరిపడిపోనాది! బాబాయ్ సేతి ఏళ్ళు కూసింతలో తప్పాయి."

బాబాయంటే చుట్టం కాదు. యారాడ నుంచి వచ్చే ఫిట్టరు. చేతి పక్కనే దుమ్ము పీల్చే గొట్టం పట్టుకుని నిలబడతాడు.

ఆ చేతికి సెకనుకు వెయ్యిసార్లు ఆజ్ఞ అందాలి. ఒక్కటి ఆలస్యమైతే వెనకబడి, ఆ లోటును ఒక్క ఉదుటున అందుకోబోతుంది. అందుకే లినక్స్‌లో ఏ పనైనా వేళ తప్పకుండా చూసే రియల్‌టైమ్ కెర్నల్ వేశాను, నా ప్రోగ్రాంకు పై ప్రాధాన్యం ఇచ్చాను, ప్రాసెసర్‌లో ఒక కోర్‌ను దానికే వదిలేశాను. ఇంకేం మిగిలింది? నేను బడికి వెళ్ళలేదు. వంటింట్లో అమ్మ చెప్పిన లెక్కలతోనే ప్రభువు నన్ను ఇంతదాకా తెచ్చాడు, స్తోత్రం. కానీ ఆ సాయంత్రం ప్రార్థనకు కూర్చుంటే మాట మాటకీ బాబాయ్ వేళ్ళే అడ్డొచ్చాయి. లేచి తిరిగాను, మళ్ళీ కూర్చున్నాను.

పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను.

"ఆ కంప్యూటర్లో పాటెట్టమ్మా," అన్నాడు బాబాయ్. "పాటుంటే బుద్ధిగుంటాది."

"సెయ్యికి పాటలేటి? నీకు కావాలని సెప్పు!" అంది వదిన.

"నిజమే సెప్తన్నాను. టీకెళ్తా పాటాపితేనే ఎగురుతాది."

నేనూ నవ్వేశాను. నవ్వినా మనసు ఊరుకోలేదు. పాట పెట్టి ఆలస్యాన్ని కొలిచాను, ఆపి కొలిచాను. పాట ఉంటే ఆజ్ఞలన్నీ వేళకే అందుతున్నాయి. ఆపగానే తెర మీద ఆలస్యం చూపే గీత ఒక్కసారి నిటారుగా లేచింది! ఇన్నాళ్ళూ నేను కంప్యూటర్ మీద బరువు తగ్గిస్తూనే వచ్చాను.

వదినను అడిగితే తేలింది. కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టర్ త్వరగా దిగిపోతోందని కంప్యూటర్లన్నిటికీ పవర్ సేవింగ్ పెట్టించారట. పనిలేని కాస్త సందులోనే ప్రాసెసర్ గాఢనిద్రలోకి జారి, పిలిస్తే ఆలస్యంగా లేస్తోంది. పాట దాన్ని నిద్రపోనివ్వడం లేదు, అంతే.

ఆ నిద్ర మాన్పించాను, ప్రాసెసర్ వేగం తగ్గకుండా కట్టేశాను. రోజంతా పాట లేకుండా నడిపితే గీత లేవలేదు. దేవునికి వందనం చెప్పుకున్నాను.

అయినా నా మనసు కుదుటపడలేదు. కొలత చూసినదే చెబుతుంది, చూడనిది చెప్పదు. వచ్చే వారం పోర్టులో ఓడ పక్కన పని. అక్కడ చేతికీ మనిషికీ మధ్య కంచె కట్టే చోటు లేదు.

"ఏటమ్మా ఆ మొకం? సముద్రం కన్నా పెంకిదేటి నీ సెయ్యి?" అని బాబాయ్ నవ్వాడు.

మీరు దీపం పెట్టేవారైనా, మోకరించేవారైనా, గొట్టం పట్టుకుని నిలబడే ఆ మనిషిని మీ ప్రార్థనలో ఒక్కసారి తలచుకోండి.