ఎర్ర మీట

ఎనభై నాలుగో సంవత్సరపు నా డైరీలో, జూన్ మొదటి బుధవారం పుటలో, ‘కొత్త యంత్రం: సుగుణాలు’ అన్న శీర్షిక కింద పదకొండు అంశాల పట్టిక ఒకటి ఉంది. ఇప్పుడు చదివినా అందులో తప్పన్నది ఒక్కటీ కనిపించదు. బరువు: కిరాణా కొట్టు తూకంలో పాతది రెండు కిలోల వంద గ్రాములు, కొత్తది బ్యాటరీలతో కలిపి నాలుగు వందలకు పది తక్కువ. బ్యాటరీలు: పాతదానికి పెద్దవి నాలుగు, కొత్తదానికి చిన్నవి రెండు. మీటలు: పాతదానికి ఆరు, కొత్తదానికి నాలుగు. ఈ చివరి అంశం పక్కన ‘సౌలభ్యం’ అని రాసి, కింద గీత కూడా గీశాను. తగ్గిన ఆ రెండు మీటలూ ఏవి అని అడగవలసిన మనిషి ఆ పూట నాలో సెలవు మీద ఉన్నాడు.

అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. విద్యుత్ శాఖ కార్యాలయంలో మీటరు రీడింగులు సరిచూడటం నా ఉద్యోగం. ఒక్క అంకె తేడా వచ్చినా పట్టుకుంటానని పేరుండేది. ఆ పేరు మొదట వ్యాపింపజేసినవాణ్ణి నేనే.

కొత్త యంత్రమంటే జేబులో పట్టే క్యాసెట్ ప్లేయరు. మా కార్యాలయంలో లైన్‌మన్‌గా పనిచేసే ముదలియార్‌పేట మిత్రునికి ఫ్రాన్సులో ఉన్న వాళ్ళన్న దాన్ని పంపించాడు. మిత్రునికి అది నచ్చలేదు. “ఒక్కడే వినేది ఏం పాట అన్నా? ఇంట్లో ఎనిమిది మంది ఉండాము. నేను చెవులు మూసుకోని కూర్చుంటే నా పెండ్లాం నాకు పిచ్చి పట్టిందంటా ఉండాది” అన్నాడు. మా ఇంట్లో పదేళ్ళుగా ఉన్న పెట్టె టేపురికార్డరు అతని కంటికి ఆనింది. వస్తువుకు వస్తువు మార్చుకున్నాం. అతడు రెండు చేతులా మోసుకుపోయాడు. నేను చొక్కా జేబులో వేసుకుని, ఒక యుగం నుంచి మరొక యుగంలోకి నడిచి వచ్చినవాడిలా లాస్‌పేటలోని మా ఇంటికి చేరాను.

ఆ పాత పెట్టె మా ఇంట్లో పాటల కోసం వెలసింది కాదు. మా పెద్దమ్మను యానాం ఇచ్చారు. అమ్మ తమిళం కూడబలుక్కుని చదువుతుంది. తెలుగు మాట్లాడటమే గాని చదవలేదు. పెద్దమ్మకు ఏ లిపీ రాదు. పూర్వం అమ్మ చెబుతుంటే ఉత్తరాలు నేను రాసేవాణ్ణి. ‘ఇచ్చట మేమందరమూ క్షేమము’ అని మొదలుపెట్టి, అమ్మ మాటలను వ్యాకరణబద్ధం చేసి పంపేవాణ్ణి. “ఉత్తరంలో మా చెల్లి లేదు, ఎవరో పంతులుగారున్నారు” అని యానాం నుంచి కబురొచ్చింది. నాటి నుంచి క్యాసెట్లు. యానాం వెళ్ళే కార్యాలయపు మనిషి చేతిసంచిలో నెలకో రెండు నెలలకో ఒకటి వెళ్ళేది, ఒకటి వచ్చేది. మాట నింపడానికి పాత పెట్టెలో ఎర్ర చుక్క పెట్టిన మీటనూ, పక్కనున్న పెద్ద మీటనూ కలిపి ఒక్కసారే నొక్కాలి. పదేళ్ళపాటు ఆ పని నాది. మరెవరినీ ముట్టనిచ్చేవాణ్ణి కాను.

ఎనిమిది వారాలు నేను సుఖపడ్డాను. సాయంత్రాలు సముద్రపు ఒడ్డున చెవులకు నల్లని దూదిబిళ్ళలు తగిలించుకుని నడిచాను. రెండు బ్యాటరీలకు ఎన్ని గంటలు పాడుతుందో లెక్క రాశాను. ఎదురైనవాళ్ళలో ఇద్దరు చెవిపోటా అని అడిగారు, ఒకాయన తనకు తెలిసిన చెవి వైద్యుని చిరునామా చెప్పాడు. నేను జాలిగా నవ్వి, ఒక్క వేలితో ఒక్క మీట నొక్కేవాణ్ణి.

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం పెద్దమ్మ క్యాసెట్టు వచ్చింది. క్యాసెట్టు వస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినడం, యంత్రంలోంచి పెద్దమ్మ అడిగిన ప్రతి ప్రశ్నకూ అమ్మ బిగ్గరగా జవాబివ్వడం మా ఇంటి ఆచారం. ఈసారి హెడ్‌ఫోన్లు అమ్మ తలకు తగిలించాను. యంత్రం మారింది గాని ఆచారం మారలేదు.

“ఆఁ, తిన్నాలే అక్కా!” అని అమ్మ ఒక్కసారిగా అరిచింది. ఆ తరువాత, “నొప్పా? యాడ, మోకాలా?” అంది.

నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. “అత్తా, మెల్లగా! వీధంతా వింటా ఉండాది.”

“వీధికి యాడ వినిపిస్తాదే? నాకొక్కదానికే వినిపించాలని కదా వీడు ఈ చెవిపట్టీ తెచ్చినాడు!” అని అమ్మ ఇంకా గట్టిగా అంది.

ఎదురింటి ఆమె కిటికీ దగ్గరికొచ్చి, “మీ అత్తకు ఎవురితో జగడం?” అని అడిగింది. పట్టికలో ఆరో సుగుణంగా నేను రాసింది ‘ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండదు’ అని.

ఇంతలో అమ్మ మాట ఆగిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చి, “నువ్వే విను” అంది. టేపు వెనక్కి తిప్పి విన్నాను. పెద్దమ్మ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది. “వచ్చే శుక్రవారం కాకినాడలో శుక్లానికి కంటికి కత్తి పెడతారంటన్నారే చెల్లీ. మీ బావగారు ఏం కాదంటారు. ఆయనకేం, కళ్ళు నావి. నువ్వు నిరుడు చేయించుకున్నావు గదా, నొప్పెడుతుందా? కట్టిప్పేక ముందేం కనపడిందే నీకు? నువ్వు నీ నోటితో చెప్తేనే వెళ్తాను. లేకపోతే వెళ్ళనంతే.”

యానాం వెళ్ళే మనిషి సోమవారం పొద్దున్నే బయలుదేరుతాడు. అతడు మళ్ళీ వెళ్ళేది నెల తరువాతే.

“సరి, కొత్త టేపు పెట్టు. ఎర్ర మీట నొక్కు” అంది అమ్మ.

నేను యంత్రాన్ని తిప్పి చూశాను. పెట్టెకు ఆరు ముఖాలుంటాయి. ఆరూ చూశాను. ఆపైన మొదటి ముఖం మరొకసారి చూశాను.

“ఏందిరా అట్ట తిప్పతా ఉండావు?”

“దీంట్లో మాట నింపేది లేదమ్మా.”

అమ్మ యంత్రాన్ని వేలితో తట్టింది. “అంటే ఇది చెప్తాది, వినదు. అంతేనా?”

“అంతే.”

“మీ నాయన మాదిరి” అంది.

నా భార్య నా డైరీ తెచ్చి ముందు పెట్టింది. “పదకొండు రాసినారు కదా, పన్నెండోది రాసుకోండి.”

ఉత్తరం రాస్తానన్నాను. “నీ ఉత్తరం వింటే అక్క ఆస్పత్రికి కాదు, సన్యాసానికి పోతాది” అంది అమ్మ.

ఆదివారం మూడు గంటలకు అమ్మా నేనూ బస్సులో ముదలియార్‌పేట వెళ్ళాం. మిత్రుడు మమ్మల్ని చూడగానే పాత పెట్టె మీద చెయ్యి వేసి, “అన్నా, తిరిగి మార్చుకునేదానికైతే ఒప్పను” అన్నాడు. సంగతి విన్నాక చెయ్యి తీసేశాడు. “అమ్మా, నువ్వు ఎంతసేపన్నా మాట్లాడు. వీధిని నేను చూసుకుంటా” అని గుమ్మంలో మాకు వీపు చూపిస్తూ నిలబడి, సైకిలు గంటలనూ పిల్లలనూ చేతి సైగతో ఆపసాగాడు.

నేను కొత్త టేపు పెట్టాను. ధ్వని పూర్తిగా తగ్గించాను. టేపు ఎంత తిరిగిందో చూపే మూడంకెల చక్రాన్ని సున్నాకు తెచ్చాను. మీట నొక్కి, తల ఊపాను. అమ్మ మొదలుపెట్టింది. మోకాళ్ళ మీద డైరీ తెరిచి, ఏ నిమిషాన ఏ విషయమో, చక్రం మీద ఏ అంకెనో రాసుకుంటూ పోయాను. అమ్మ ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుంది, రెండుసార్లు నవ్వింది. అవీ రాశాను.

“ఒకసారి వినిపించు” అంది చివర్న.

వెనక్కి తిప్పి, ధ్వని పెంచి వినిపించాను. సముద్రం దూరాన ఉన్నప్పుడు వచ్చే చప్పుడు లాంటిది వచ్చింది. ఇరవై ఆరు నిమిషాలూ అదే.

మిత్రుడు గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. “అన్నా, ఏ మీట నొక్కినారు?”

నేను వేలు చూపించాను. ఒక్క వేలు.

“రెండు కదా అన్నా నొక్కాల! పదేళ్ళు మీరే కదా నొక్కినారు!”

ఎనిమిది వారాల సౌలభ్యం పదేళ్ళ అలవాటును తుడిచిపెట్టింది. చక్రం తిరుగుతున్నంతసేపూ పని జరుగుతున్నట్టే అనుకోవడం మీటరు గుమాస్తా జబ్బు. నేను అంకెలను చూశాను గాని ఎర్ర మీటను చూడలేదు.

“పరవాలేదమ్మా, మళ్ళీ చెప్పు” అన్నాను.

“చెప్పను. ఒకసారి చెప్పింది నిజం. అదే మళ్ళీ చెప్తే నాటకమైపోతాది” అని అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. మిత్రుడు బతిమాలాడు, కాఫీ ఇప్పించాడు. అమ్మ కాఫీ తాగింది గాని మాట మార్చలేదు. అయిదున్నర దాటింది.

నా దగ్గర మిగిలింది డైరీ ఒక్కటే. అందులో అంతా ఉంది కదా, నేను చదువుతానన్నాను. మిత్రుడు నా చేతిని మర్యాదగా పక్కకు జరిపి, తానే రెండు మీటలూ కలిపి నొక్కాడు.

“పూజ్యురాలైన పెద్దమ్మగారికి నమస్కారములు,” అని ఆరంభించాను. “రెండవ నిమిషము. శస్త్రచికిత్స సమయమున స్వల్ప బాధ యుండును.”

“స్వల్పం ఏందిరా! చీమ కుట్టినట్టు ఉంటాదని కదా చెప్పినా!” అని గోడవైపు నుంచి వినిపించింది.

“ఎనిమిదవ నిమిషము. అయిదు దినములు కట్టుతో నుండవలెను. ఆ కాలమందు మనోధైర్యము—”

“ధైర్యం గియ్యం ఏమీ లేదు అక్కా! ఏడుపు వచ్చింది నాకు. కంటికి మంచిది కాదని ఆ నర్సమ్మ అరిచింది. అయినా ఏడ్చినా, ఏమీ కాలేదు. నువ్వూ ఏడువు!” అమ్మ ఇప్పుడు సగం ఇటు తిరిగింది.

“పదునాలుగవ నిమిషము. కట్టు విప్పిన పిమ్మట మొదట చూచినది: కుమారుని.”

అమ్మ పూర్తిగా తిరిగింది. లేచి వచ్చి యంత్రం ముందు కూర్చుంది. “అబద్ధం రాసుకోని ఉండాడే వీడు! అక్కా, నేను చూసింది వీణ్ణి కాదు, వీడి గుండీలను. చొక్కా గుండీలు ఒకటి మార్చి ఒకటి పెట్టుకోని, ఒక పక్క పైకీ ఒక పక్క కిందికీ, దిష్టిబొమ్మ మాదిరి నిలబడినాడు. ఊరందరి లెక్కలూ దిద్దేవాడు! భయంతో యాడో చూస్తా పెట్టుకున్నాడు పాపం. అది అంత తేటగా కనిపించింది అక్కా, ఒక్కొక్క గుండీకీ నాలుగు కంతలు కనిపించినాయి. నేను నవ్వినా. పో అక్కా, శుమ్మా, ఊరికే భయపడొద్దు. పో.”

నిజమే, ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను ‘కుమారుని’ అని మాత్రమే రాసుకున్నాను. అన్ని అంకెలూ ఉన్నది ఉన్నట్టు రాసే మనిషిని.

టేపు సోమవారం ఉదయం యానాం బయలుదేరింది.

జవాబు అక్టోబరులో వచ్చింది. పాత పెట్టెలో అందరం కలిసి విందామంటే, ఆ పాటికి ముదలియార్‌పేట వెళ్ళే బస్సు దాటిపోయింది. అమ్మ ఆగలేక జేబు యంత్రం అడిగింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నవ్వసాగింది. ఏమిటని అడిగితే చెయ్యి అడ్డం పెట్టింది. ‘నాలుగు నిమిషాలు: నవ్వు. కారణం తెలియదు’ అని రాసుకుని నా వంతు కోసం కూర్చున్నాను. మా మిత్రుడు ఆ యంత్రాన్ని ఎందుకు వదులుకున్నాడో ఆ నాలుగు నిమిషాల్లో నాకు బోధపడింది.

నా వంతు వచ్చాక విన్నాను. పెద్దమ్మ గొంతు మళ్ళీ పెద్దదైంది. “కట్టిప్పేరే చెల్లీ. ముందు మీ బావగారి గుండీలే చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంటే ఆయన నా గురించి ఏం భయపడలేదన్నమాట. ఇంటికొచ్చేక అడిగేశాను. వారం రోజుల్నుంచి సంజాయిషీ చెబుతున్నారు.”

వింటుండగానే నా చెయ్యి చొక్కా గుండీల మీదికి వెళ్ళింది. ఆ రోజు అన్నీ సరిగానే ఉన్నాయి.