ఆగిన చెయ్యి

2023 వర్షాకాలం. అమలాపురానికి కాస్త దూరంలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను మెకానికల్ విభాగం లెక్చరర్‌ని. ఆ ఏడాదే మా ల్యాబ్‌కి మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్లు వచ్చాయి. పెద్ద కళ్లజోడులా ఉండే ఆ హెడ్‌సెట్ పెట్టుకుంటే గది గదిలాగే కనిపిస్తుంది. ఖాళీ బల్ల మీద మాత్రం అక్కడ లేని యంత్రం ప్రత్యక్షమవుతుంది. చేత్తో తిప్పితే దాని వాల్వు తిరుగుతుంది కూడా.

యంత్రం గురించి పాఠాల్లో ఎలాగూ చెబుతాం. కలిసి పనిచేయడం నేర్పడానికే నేను వీటిని వాడాలనుకున్నాను. గ్యాస్ బావులున్న తాటిపాక వైపు నుంచి వచ్చే పిల్లలకి పైపులైన్లు కొత్త కాదు కాబట్టి వాటి మీదే ఒక అభ్యాసం ఎంచుకున్నాను. ఒక ట్యాంకులోని గ్యాస్‌ని గడువులోగా ఇంకో ట్యాంకులోకి పంపాలి. జట్టుకి ముగ్గురు. ఒకరికి ప్రెజర్ గేజ్, అంటే ఒత్తిడి చూపే ముల్లు మాత్రమే కనిపిస్తుంది. ఇంకొకరికి పైపు లోపల గ్యాస్ కదలిక కనిపిస్తుంది. మూడో వ్యక్తి చేతికే వాల్వులు తిరుగుతాయి. మాట్లాడుకోకపోతే పని జరగదు.

మూడో సంవత్సరం జట్టు ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. వాల్వుల దగ్గర సాహితి, క్లాసులో ఫస్టు. గేజ్ దగ్గర ప్రసాద్, రాజోలు వైపు కుర్రాడు, నెమ్మది మనిషి. పైపు చూసేది మౌనిక. మొదలుపెట్టిన కాసేపటికే, సాహితి వాల్వుని గబగబా తిప్పేయడంతో పైపు పేలింది. ముగ్గురి కళ్లముందూ ఎర్రటి మంట లేచి, బల్ల మళ్లీ ఖాళీ అయింది.

గేజ్ చూసుకోలేదా అని ప్రసాద్‌ని అడిగాను.

"చూసేనండి. ముల్లు ఎరుపులోకి వచ్చేసిందండి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే సాహితి ఆగుతుందా అండి? మొన్న ప్రాజెక్టులో నేను గీసిన డ్రాయింగు నాకు తెలీకుండానే మార్చేసింది."

అందులో తప్పులున్నాయని, టైం లేక తానే సరిచేశానని సాహితి అంది. అది అబద్ధం కాదు. ఆ డ్రాయింగు నేనూ చూశాను.

మర్నాడు ప్రసాద్ నా గదికి వచ్చాడు. చదువు మానేస్తే సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారని అడిగాడు. కువైట్‌లో మేనమామ పని చూశాడట. ఇంట్లో ఇబ్బందా అంటే కాదన్నాడు. నాన్న చదవమనే అంటున్నాడట.

"నేనున్నా లేకపోయినా ఇక్కడ ఒకటేనండి. అక్కడైతే నా పని నాకుంటది."

వచ్చే వారం ల్యాబ్ దాకా ఉండమన్నాను. "ఆయ్" అని వెళ్లిపోయాడు.

సంగతి మౌనిక ద్వారా సాహితికి తెలిసింది. తన వల్లేనా అని నన్ను అడగడానికి వచ్చింది. నన్ను కాదు, అతన్ని అడగమన్నాను. అడిగినట్టు లేదు. వారం తర్వాత ముగ్గురూ ముభావంగానే హెడ్‌సెట్లు పెట్టుకున్నారు.

ఈసారి సాహితి వాల్వుని కొంచెం కొంచెంగా తిప్పుతోంది. దాదాపు గ్యాసంతా వెళ్లిపోయింది. అప్పుడు ప్రసాద్ "ఆగు" అన్నాడు.

గాలిలో ఆమె చెయ్యి ఆగింది. "ఎంతుంది?"

"ఎరుపు దగ్గర. తగ్గట్లేదు."

వంపు దగ్గర గ్యాస్ కదలడం లేదని మౌనిక చెప్పింది. గడువు అయిపోవస్తోంది.

"ఇంకొంచెం తిప్పితే అయిపోతుంది కదా," అంది సాహితి.

"అయిపోతుందేమో. నాకైతే భయంగా ఉంది. ఆపేద్దాం."

ఆమె వేళ్లు బిగుసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. మార్కు పోగొట్టుకోవడం అలవాటు లేని పిల్ల. అయినా మెయిన్ వాల్వు పూర్తిగా మూసేసింది. గడువు ముగిసింది. పని పూర్తికాలేదు, మార్కులు సున్నా అని ల్యాబ్ కంప్యూటర్ తెర మీద పడింది.

సాహితి హెడ్‌సెట్ తీసి ప్రసాద్ వైపు తిరిగింది. డ్రాయింగు మార్చేముందు అడగాల్సింది అంది. తప్పెక్కడుందో తనూ అడగాల్సింది అన్నాడతను.

ఆ సున్నాని నేను రికార్డులో వేయలేదు. నిజమైన గ్యాస్ ప్లాంటులో అలా ఆపడాన్ని సేఫ్ షట్‌డౌన్ అంటారు, అంటే ప్రమాదం రాకముందే పని నిలిపేయడం. దానికి పూర్తి మార్కులిచ్చాను. ప్రసాద్ సర్టిఫికెట్ల కోసం మళ్లీ రాలేదు. చివరి ఏడాది ప్రాజెక్టు కూడా ఆ ముగ్గురే కలిసి చేశారు. గొడవలు పడ్డారు, పూర్తి చేశారు.

అంతవరకూ జట్టంటే పని పంచుకోవడమని నేను పాఠం చెప్పేవాణ్ణి. పని పంచడానికి ఒక కాగితం చాలు. ఒకరి మాటకి ఇంకొకరి చెయ్యి ఆగడమే కష్టం. ఆగుతుందన్న నమ్మకం లేనిచోట మాట పైకి రాదు. ఇప్పుడు ప్రతి ల్యాబ్ అయ్యాక ఎవరు ఏం చేశారని అడగడం మానేశాను. ఒక్కొక్కరినీ ఒకటే అడుగుతాను: "ఇవాళ నువ్వు ఎవరి మాట విని ఆగావు?"